పిల్లల ఎత్తు నుంచి పండగ చూద్దాం!

పొగమంచు, భోగిమంట, వేణ్నీళ్లు, రేగిపళ్లు... సంక్రాంతి సెలవుల్లో పసివాళ్లున్న ఇంట తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సంక్రాంతి సెలవులంటే నాకు ఇప్పటికీ నల్లజర్లే. ధనుర్మాసం చివరి రోజుల్లో తెల్లవారుజామున ఐదింటికి వీధి తలుపు తీస్తే ఎదురిల్లు కనిపించదు. వాళ్ల వాకిట్లో బల్బు ఒక్కటే పచ్చగా, చెదిరినట్టు కనిపిస్తుంది. హైవే మీద లారీల చప్పుడు వినిపిస్తుంది గానీ లారీలు కనపడవు. అటు కొల్లేరు వైపు, కైకలూరు, ఆకివీడు దారుల్లో అయితే మంచు ఇంకా చిక్కన. ఎనిమిదైనా ఎండ పొడ తగలదు.

మా తమ్ముడి ఉద్యోగం హైదరాబాద్‌లో. ఏటా భోగికి రెండ్రోజుల ముందు భార్యాపిల్లలతో అమ్మ దగ్గరికి వచ్చేస్తాడు. ఆసుపత్రిలో డ్యూటీలు సర్దుకుని నేనూ ఒకటి రెండు రోజులు వెళతాను. పెద్దవాడికి ఐదేళ్లు, చిన్నదానికి తొమ్మిది నెలలు. మంచు విడిచే దాకా వాళ్లని బయటికి పంపరు కాబట్టి ఆ మూడు నాలుగు గంటలూ ఇల్లంతా వాళ్లదే. దుప్పట్లతో గుడారాలు, వంటింట్లో నానమ్మ కాళ్ల చుట్టూ తిరగడం, అరిసెల పిండి తీసి బొమ్మలు చేయడం. చికాగోలో ఉండే మా పిన్ని కూతురు భోగి వేళకి వీడియో కాల్ చేస్తుంది. మంచు బాగా కురిసిందని బడికి సెలవిచ్చారంటూ వాళ్ల అబ్బాయి గంతులేస్తాడు. మా కిటికీలోంచి తెల్లటి తెర చూసి ‘పెద్దమ్మా, మీకూ స్నోనా?’ అని అడుగుతాడు. మాది వేరే మంచురా అంటాను.

మంచు వేరైనా ఒక విషయం మాత్రం రెండు చోట్లా ఒకటే. పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉంటారు. పెద్దవాళ్లు పండగ పనుల్లో ఉంటారు. ఇల్లు నిండా మనుషులుంటారు కాబట్టి ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. ఇరవై మంది ఉన్న ఇంట్లో పసివాడిని ఒక్కరూ చూడని నిమిషం ఒకటి వస్తుంది. పండగ రోజుల్లో ఎమర్జెన్సీ వార్డుకి వచ్చే చిన్నపిల్లల్లో చాలామందిది ఆ ఒక్క నిమిషం కథే.

దీనికి పండగ మానుకోవడం మందు కాదు. ఒక్కసారి కింద కూర్చుని, రెండడుగుల ఎత్తు నుంచి ఇంటిని చూడండి. మనకి నడుము దగ్గర కనిపించే పొయ్యి గట్టు మీద గిన్నె కాడ పిల్లాడి చేతికి అందేట్టు ఉంటుంది. మనం దాటుకుని వెళ్లే వేణ్నీళ్ల బకెట్ వాడి ఛాతీ ఎత్తున ఉంటుంది. మనం తొక్కకుండా తప్పించుకునే రేగిపండు వాడికి చేతికందే తాయిలం. ఈ పాఠం నేను పుస్తకంలో చదివింది కాదు. మా ఇంట్లోనే నేర్చుకున్నాను.

ఆ రోజు ఏం జరిగిందంటే...

మూడేళ్ల క్రితం మాట. అప్పటికి పెద్దవాడికి రెండేళ్లు. భోగి సాయంత్రం పీట మీద కూర్చోబెట్టి, కొత్త చొక్కా తొడిగి, పేరంటాళ్లంతా చుట్టూ చేరి భోగిపళ్లు పోశారు. రేగిపళ్లు, చామంతి రేకులు, నానబెట్టిన శనగలు, చెరుకు ముక్కలు, చిల్లర. మొదట అమ్మే పోసింది. తరవాత హారతి. ఆ తరవాత ఫొటోలు. అందరి కళ్లూ ఫోన్ల మీద ఉన్నాయి.

నేను వాడి ముఖం వైపు చూసేసరికి వాడు నోరు తెరిచి ఉన్నాడు. ఏడుపు లేదు. దగ్గు లేదు. కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు. పెదాల చుట్టూ నీలంగా మారుతోంది.

గొంతుకి ఏదైనా అడ్డం పడితే పిల్లలు గట్టిగా దగ్గుతారని, ఏడుస్తారని మనం అనుకుంటాం. కొంచెం అడ్డుపడితే అంతే. పూర్తిగా అడ్డుపడితే మాత్రం శబ్దమే రాదు. గాలి కదిలితేనే కదా గొంతు పలికేది. అందుకే ఈ ప్రమాదం పదిమంది మధ్యలో కూడా ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది.

వాడిని తొడ మీద బోర్లా వేసుకుని, తల కిందికి ఉంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో కొట్టాను. నాలుగో దెబ్బకి రేగిపండు నేల మీద పడింది. వాడు ఏడ్చాడు. ఒక పిల్లాడి ఏడుపు విని అంత సంతోషపడటం నాకు అదే మొదలు.

ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. ‘నా చేత్తో నేనే పోశానే’ అని ఒకటే మాట. మర్నాడు ‘ఇంక మనింట్లో ఈ పోయడాలు వద్దులే’ అంది. నేను ఒప్పుకోలేదు. అమ్మ చేతిలో తప్పు లేదు, పండగలోనూ లేదు. మేమెవ్వరం ఆ రెండడుగుల ఎత్తు నుంచి చూడలేదు, అంతే.

భోగిపళ్లు: గొంతు ఎంత సన్నమో తెలుసా?

చిన్నపిల్లల శ్వాసనాళం సుమారుగా వాళ్ల చిటికెన వేలంత మందమే ఉంటుంది. గుండ్రంగా, నున్నగా, గట్టిగా ఉండేవన్నీ దానికి బిరడాలా సరిపోతాయి. రేగిపండు, రేగి గింజ, శనగ, వేరుశనగ గింజ, ద్రాక్ష, బఠాణీ, తిరణాల్లో కొన్న గోళీ, పగిలిన బుడగ ముక్క అన్నీ ఆ కోవలోవే. నమలడానికి కావాల్సిన దవడ పళ్లు పూర్తిగా రాకముందే నోట్లో పెట్టుకునే అలవాటు వస్తుంది. పైగా నవ్వుతూ, పరుగెడుతూ తింటారు. అందుకే నాలుగైదేళ్లు నిండే దాకా గట్టి గింజలు, గుండ్రటి పళ్లు అలాగే చేతికివ్వకూడదు. పండైతే గింజ తీసి చిన్న ముక్కలు చేసి, పప్పులైతే మెత్తగా పొడి చేసి పెట్టొచ్చు. కూర్చోబెట్టి తినిపించాలి.

మరి వేడుక ఎలా? ఇలా చేయొచ్చు.

• కింద పెద్ద దుప్పటి పరిచి దాని మీద పీట వేయండి. వేడుక అవగానే నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తేస్తే ఒక్కటీ మిగలదు.
• ఏడాది లోపు పిల్లల్ని తల్లి ఒళ్లోనే ఉంచుకోవాలి. వాళ్ల రెండు చేతులూ తల్లి చేతుల్లో ఉండాలి.
• పూలరేకులు ఎక్కువ, పళ్లు తక్కువ. శనగలు, చిల్లర నాణేలు పిల్లల మీద పోయకుండా పళ్లెంలో పెట్టి ఆశీర్వదిస్తే చాలు. పూలరేకులు కూడా నోట్లో పెట్టుకోకుండా చూడాలి.
• ఎన్ని పళ్లు పోశారో లెక్క ఉంచుకోండి. ఆపరేషన్ థియేటర్లో కుట్లు వేసే ముందు దూది లెక్కపెడతారు. ఇదీ అలాంటిదే.
• ఫొటోలు తీసేవాళ్లు తీసుకోనివ్వండి. ఒక్క మనిషి మాత్రం ఫోన్ పట్టుకోకుండా పిల్లాడి నోటినే చూస్తూ ఉండాలి.

గొంతుకి అడ్డం పడితే...

పిల్లాడు గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా దగ్గనివ్వండి. ఆ దగ్గే పెద్ద వైద్యం. దగ్గు సన్నగిల్లినా, శబ్దం ఆగిపోయినా, రంగు మారుతున్నా ఒకరిని 108కి ఫోన్ చేయమని మీరు వెంటనే మొదలుపెట్టాలి.

ఏడాది లోపు బిడ్డైతే: ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఛాతీ కంటే కిందికి ఉండేట్టు దవడని పట్టుకోవాలి. భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కాలి. ఈ వయసులో పొట్ట మీద నొక్కకూడదు, కాలేయం దెబ్బతింటుంది.

ఏడాది దాటిన పిల్లలైతే: ముందుకి వంచి భుజాల మధ్య ఐదు దెబ్బలు. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి.

వస్తువు బయటపడే దాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. పిల్లలు స్పృహ తప్పితే గట్టి నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ మొదలుపెట్టాలి. కంటికి కనిపించని దాని కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు. అది ఇంకా లోపలికి వెళుతుంది. మంచినీళ్లు తాగించడం, అరటిపండు మింగించడం కూడా పొరపాటే.

ఇంకొక విషయం. పొలమారినట్టు దగ్గి, తరవాత మామూలుగా అయిపోయిన పిల్లలకి రెండు మూడు రోజుల నుంచి దగ్గు, పిల్లికూతలు వస్తుంటే అది ఒట్టి జలుబు అనుకోవద్దు. గింజ ముక్క ఊపిరితిత్తుల గొట్టంలో ఉండిపోయి ఉండొచ్చు. ‘పండగ రోజు ఏదో తింటూ పొలమారాడు’ అనే ఒక్క మాట డాక్టరుకి చెప్పడం మరిచిపోకండి. ఆ మాటే దారి చూపిస్తుంది. నాణెం మింగితే ఎక్స్‌రే తీయించాలి. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బిళ్ల బ్యాటరీ మింగితే మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు. అది రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు.

మంచు మూతేస్తే పొగ ఎక్కడికి పోతుంది?

ఇక భోగిమంట. కొబ్బరి మట్టలు, తాటాకులు, పాత కర్రలు, పిల్లలు దండలు గుచ్చిన పిడకలు... ఆ వెచ్చదనం పక్కన నిలబడిన జ్ఞాపకం లేని వాళ్లు మన జిల్లాల్లో ఉండరు. దాన్ని ఎవరూ ఆపమనరు. కానీ ఆ వేళకి గాలి ఎలా ఉంటుందో తెలుసుకుంటే మంట ఎక్కడ వేయాలో, పసివాళ్లని ఎక్కడ ఉంచాలో తెలుస్తుంది.

మబ్బులేని చలికాలపు రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. నేలనంటుకున్న గాలి చల్లగా, దాని పైన గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. చేపల చెరువులు, కాలువలు, తడి పొలాల మీది తేమ ఆ చల్లగాలిలో సన్నటి నీటి తుంపరలుగా మారుతుంది. అదే పొగమంచు. చల్లగాలి బరువు. పైకి లేవదు. అంటే ఊరి మీద మూత పెట్టినట్టే. మామూలుగా పైకి వెళ్లి చెదిరిపోవాల్సిన పొగ ఆ మూత కింద, మన ముక్కుల దగ్గరే తిరుగుతుంది. ఏడాదిలో మనం ఊరంతా ఒకేసారి మంట వేసేది సరిగ్గా ఆ వేళకే.

పసిపిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు. పెద్దవాళ్లం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు తీస్తే, పుట్టిన బిడ్డ నలభై నుంచి అరవై సార్లు తీస్తుంది. ఒంటి బరువుతో పోల్చితే వాళ్ల లోపలికి వెళ్లే గాలి ఎక్కువ, పొగ కూడా ఎక్కువే. వాళ్ల గొట్టాలు సన్నవి కాబట్టి కాస్త వాచినా మూసుకుపోతాయి. ఈ కాలంలో ఎలాగూ ఆర్‌ఎస్‌వీ, ఫ్లూ లాంటి వైరస్‌లు తిరుగుతుంటాయి. పండగకి పదిమందీ కలిసే ఇంట్లో అవి చేతులు మారుతూ పసిబిడ్డ దాకా చేరతాయి. జలుబు చేసిన బిడ్డకి పొగ తోడైతే ఆయాసం వస్తుంది.

• మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్, రంగు వేసిన కర్రలు, థర్మోకోల్ వేయొద్దు. టైరు కాలితే కార్బన్ మోనాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్‌తో పాటు బెంజీన్ లాంటి క్యాన్సర్ కారకాలూ వస్తాయి. పాతవి తగలెయ్యడమంటే విషం వెలిగించడం కాదు.
• ఇంటికో మంట కంటే వీధికో మంట మేలు. ఎండిన కట్టెలు మాత్రమే వేసి, చిన్నదిగా వేయండి.
• ఏడాది లోపు పిల్లలు, ఉబ్బసం ఉన్న పిల్లలు, గర్భిణులు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు కిటికీ తలుపులు మూసిన గదిలోంచి చూస్తే చాలు.
• కాస్త పెద్ద పిల్లలు పిడకల దండ వేయాలంటే పెద్దవాళ్ల చెయ్యి పట్టుకునే వేయాలి. నైలాన్, పాలిస్టర్ పరికిణీలు వద్దు, నూలు బట్టలు వేయండి. పక్కన రెండు బకెట్ల నీళ్లు ఉంచండి.
• ఇన్హేలర్ వాడే పిల్లలకి ఊరు బయలుదేరేటప్పుడు బట్టల కంటే ముందు ఇన్హేలర్, స్పేసర్ సర్దండి. ‘నాలుగు రోజులే కదా’ అని ఆపేసి, కనుమ నాటికి ఆయాసంతో వచ్చే పిల్లల్ని ఏటా చూస్తున్నాం.

ఇంట్లో పొగ ఇంకా దగ్గర

భోగిమంట ఒక్క పూటే. సాంబ్రాణి పొగ రోజూ. తలంటు పోసి, వెంట్రుకలు ఆరాలని, చలి తగలకూడదని పసిబిడ్డని పొగ మీద పట్టుకోవడం మనకి అలవాటు. చేసేవాళ్లది ప్రేమే. బిడ్డకి మాత్రం అది ముక్కుకి పొయ్యి ఆనించినట్టు. తలని పొడి నూలు గుడ్డతో అద్ది, టోపీ పెడితే వెచ్చదనం వచ్చేస్తుంది. సాంబ్రాణి వేయాలనిపిస్తే పూజ గదిలో వేసి, పొగ పోయాకే బిడ్డని తీసుకురండి.

చలి అని తలుపులన్నీ మూసి గదిలో నిప్పుల కుంపటి పెట్టుకుని పడుకోవడం అన్నిటికంటే ప్రమాదం. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దోమల చుట్టలు కూడా మూసిన గదిలో వద్దు, దోమతెర కట్టండి.

జలుబు చేస్తే ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం మరో అలవాటు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. కర్పూరం కలిసిన బాములు రెండేళ్లలోపు పిల్లలకి రాయకూడదు. హారతి కర్పూరం బిళ్లని పటిక బెల్లం అనుకుని నోట్లో వేసుకున్న పిల్లలకి కొద్ది నిమిషాల్లోనే మూర్ఛ రావచ్చు. పూజ సామాను పై అరలో పెట్టండి. ముక్కు దిబ్బడకి సెలైన్ చుక్కలు చాలు. మరిగే నీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పి పిల్లలకి ఆవిరి పట్టొద్దు. గిన్నె ఒలికి తొడలు కాలిన పిల్లలకి వైద్యం చేసినవాళ్లమే ఈ మాట చెబుతున్నాం.

భోగి తలంటు... బకెట్ దగ్గర ఆగండి

పండగ వారంలో నన్ను ఎక్కువ భయపెట్టేది మంట కాదు, వేణ్నీళ్లు. ఇంటినిండా జనం. అందరికీ తెల్లవారుజామునే తలంట్లు. కాగులో నీళ్లు మరుగుతుంటాయి. మరిగిన నీళ్లు బకెట్‌లో పోసి, చన్నీళ్ల కోసం పక్కకి తిరుగుతారు. పడుతూ లేస్తూ నడిచే వయసు బిడ్డ అంచు పట్టుకుని లేవబోతాడు. బకెట్ మీదికి ఒరుగుతుంది. అంతే.

అరవై డిగ్రీల వేడి ఉన్న నీళ్లు కొన్ని సెకన్లలోనే పసివాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చేస్తాయి. వాళ్ల చర్మం మన చర్మం కంటే పల్చన. ఒక బకెట్ నీళ్లు మన ఒంట్లో కొంత భాగం మీదే పడతాయి, వాళ్ల ఒళ్లంతా తడిపేస్తాయి. అందుకే ఒక్క అలవాటు నేర్చుకోండి. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తరవాతే వేణ్నీళ్లు. ఎప్పుడూ ఇదే వరస. హీటర్ రాడ్డు పెట్టిన బకెట్ ఉన్న గదికి బయట గడియ పెట్టాలి. బిడ్డకి పోసే ముందు మోచేయి ముంచి చూడండి. మన మోచేతికి గోరువెచ్చగా తోస్తే చాలు.

వంటింట్లోనూ అంతే. అరిసెలు, సకినాలు, జంతికలు వేయిస్తున్నప్పుడు మూకుడు నేల మీద పొయ్యిపై ఉంటే చుట్టూ బల్లలు అడ్డం పెట్టండి. ఆ రెండు గంటలు పిల్లలని ఒకరికి అప్పజెప్పండి. ‘అందరూ చూడండి’ అని కాదు. పేరు పెట్టి, ఒక్కరికి.

కాలితే వెంటనే చేయాల్సింది ఒకటే. కాలిన చోట కుళాయి కింద చల్లటి మామూలు నీళ్లు ధారగా ఇరవై నిమిషాలు పోయాలి. గడియారం చూసి మరీ ఇరవై నిమిషాలు. తడిసిన వేడి బట్టలు, గాజులు, మొలతాడు తీసేయాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టని మాత్రం లాగొద్దు. ఐస్ పెట్టొద్దు. టూత్‌పేస్ట్, సిరా, పసుపు, పెరుగు, కోడిగుడ్డు సొన ఏవీ రాయొద్దు. అవి వేడిని లోపలే ఉంచి, గాయం ఎంత లోతో డాక్టరుకి కనిపించకుండా చేస్తాయి. ఒళ్లు చల్లబడిపోకుండా మిగతా భాగాన్ని వెచ్చగా కప్పి, గాయం మీద ఉతికిన పొడి గుడ్డ వదులుగా వేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముఖం, చేతులు, మర్మావయవాలు, కీళ్ల దగ్గర కాలినా, బిడ్డ అరచేతి కంటే ఎక్కువ కాలినా ఇంటివైద్యం వద్దు.

మంచులో ప్రయాణం

పండగకి బంధువుల ఇళ్లకి, ద్వారకా తిరుమలకి, గూడెం బజారుకి బండి మీదే పోతాం. తెల్లవారుజామున పిల్లాడిని పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, తలకి మంకీ క్యాప్ తప్ప ఏమీ లేకుండా హైవే ఎక్కుతాం. మంచులో ముందు ఆగి ఉన్న లారీ దగ్గరకొచ్చే దాకా తెలియదు. మంచు విడిచాకే బయలుదేరండి. ఒక గంట ఆలస్యమైతే పండగ ఎక్కడికీ పోదు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలని ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్లాలంటే హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు తప్పనిసరి అని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. కారులో అయితే మంచులో హై బీమ్ వేయొద్దు. ఆ వెలుగు మంచు మీద పడి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. లో బీమ్, ఫాగ్ లైట్లు వాడాలి.

ఆసుపత్రికి ఎప్పుడు?

‘పండగ పూట ఆసుపత్రా?’ అని ఆగడం వల్ల జరిగే నష్టం నేను చూశాను. కింద చెప్పిన వాటిలో ఒక్కటి కనిపించినా ఆగొద్దు.

• ఊపిరి వేగం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూసి నిండు నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నుంచి పన్నెండు నెలల వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40. అంత గానీ, అంతకు మించి గానీ ఉంటే ఆయాసమే.
• ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద డొక్క లోపలికి పోవడం, మూలగడం.
• పాలు తాగలేకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, ఫిట్స్.
• పెదాలు, నాలుక నీలంగా మారడం.
• మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) లేదా అంతకు మించి జ్వరం.

చలికి భయపడి బిడ్డని మరీ మూటగట్టడం కూడా మంచిది కాదు. మనం వేసుకున్న దానికంటే ఒక్క పొర ఎక్కువ చాలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పడితే ఒక పొర తీసేయండి. పొట్ట చల్లగా ఉంటే తల్లి గుండెకి ఆనించి, ఇద్దరి మీదా దుప్పటి కప్పండి. అంతకు మించిన హీటర్ లేదు. మంచు విడిచాక ఎండలోకి తీసుకురండి. రెండేళ్లలోపు పిల్లలకి అరిసెల రుచి చూపించాలని తొందరపడకండి. బెల్లమైనా, పంచదారైనా ఆ వయసుకి అక్కర్లేదు.

మళ్లీ భోగి వచ్చింది

ఈసారి చిన్నదానికి మొదటి భోగిపళ్లు. నెల ముందు నుంచే అమ్మ నన్ను రెండుసార్లు అడిగింది, ‘పోద్దామంటావా?’ అని. పోద్దాం అన్నాను.

సావిట్లో పాత బొంత పరిచింది. మరదలు పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని రెండు చేతులూ పట్టుకుంది. పాప నోటిని చూసే డ్యూటీ పెద్దవాడిది. ‘అత్తా, నేను రెప్ప కూడా వేయను’ అని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాడి వెనక నేను కూర్చున్నాను. బంతిరేకులు, చామంతిరేకులు గంపెడు. రేగిపళ్లు మాత్రం అమ్మ ముందుగానే లెక్కపెట్టి పళ్లెంలో పెట్టింది. పేరంటాళ్లు ఒకరి తరవాత ఒకరు పోశారు. పాప నవ్వింది. జుట్టులో చిక్కుకున్న రేకు తీసుకోబోయింది, వాళ్లమ్మ వదల్లేదు.

హారతి అయ్యాక, ఫొటోల కంటే ముందు, బొంత నాలుగు కొసలూ ఎత్తారు. అమ్మ దీపం దగ్గర కూర్చుని పూలరేకుల్లోంచి ఒక్కొక్క రేగిపండూ ఏరి పళ్లెంలో వేసింది. లెక్క పూర్తయ్యే దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

‘ఇరవై ఒకటీ వచ్చాయే’ అంది తల ఎత్తి.

ఆ రాత్రి అమ్మ కడుపునిండా అన్నం తింది.